వంతెన దాటనన్న నేతగాడు

నేను రిటైరైన రోజున శాలువా కప్పి, దండ వేసి, నా చేతి చలవ వల్ల ఎంతమంది లేచి నడిచారో మైకులో చెప్పారు. మైకు ముందు అందరూ మహానుభావులే కాబట్టి నేనూ తలొంచుకుని విన్నాను. ఇప్పుడు ఫిజియోథెరపీ చదివే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి" అంటుంటారు. వాళ్లకు కావలసింది గెలిచిన కథ. నేను చెప్పేదీ గెలిచిన కథే. ఆ చెయ్యి వచ్చింది. చెయ్యి మటుకే చూస్తే అంత బాగా వచ్చిన చెయ్యి నా దగ్గర ఇంకోటి లేదు. అయినా అది గుర్తొచ్చిన రోజు నాకు అన్నం సహించదు.

ఆదోనిలో మా విభాగం అంటే ఏదో పెద్దది ఊహించుకోకండి. ఆసుపత్రి వెనక ఒక పొడవాటి గది. రెండు బల్లలు, పట్టుకుని నడవడానికి కమ్మీలు, గోడకు ఒక కప్పీ, ఒక నిలువుటద్దం. పత్తి సీజన్ వచ్చిందంటే మిల్లుల దూది గాలికి ఎగిరొచ్చి ఆ అద్దానికి అంటుకునేది. ఉన్నది ఇద్దరం. నేనూ, నా కింద కొత్తగా చేరిన కర్నూలు అమ్మాయీ. చురుకైన పిల్లే. కానీ భోజనాల వేళ బాక్సు మూత తీయకముందే, రెండు చేతులా పట్టుకునే ఒక ఆటల మిషను తీసేది. అందులో ఏదో పాతకాలపు జపాన్ ఆట. చిన్నప్పుడు వాళ్ల అన్న ఆడుతుంటే పక్కన కూర్చుని చూసిందట, ఇప్పుడు తనే ఆడుతోంది. "జీతమిచ్చేది బొమ్మలు కొట్టడానికి కాదు తల్లీ" అని నేను రోజుకొకసారి అనేవాణ్ని, ఆ పిల్ల రోజుకొకసారి నవ్వేది.

ఆ రోజుల్లోనే ఎమ్మిగనూరు నుంచి ఒక నేతగాడు వచ్చాడు. గుంట మగ్గం మీద దుప్పట్లు నేసే మనిషి. పక్షవాతంతో కుడిపక్క పడిపోయింది. పసర్లూ కట్లూ అన్నీ అయ్యాక, ఇంక దిక్కులేక మా దగ్గరికి వచ్చారు. కాలు కొంత తిరిగి వచ్చింది గానీ చెయ్యి ఒళ్లో పెట్టిన సంచిలా పడి ఉండేది. మగ్గం మీద పోగుల మధ్య నాడెను అటూ ఇటూ పరిగెత్తించే తాడు లాగేది కుడిచెయ్యే. ఆ చెయ్యి రాకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే ఆ మనిషికి ఇంకో పని తెలియదు.

వెంట భార్య వచ్చింది. పొట్టి మనిషి, నోరు మాత్రం పొట్టిది కాదు. బల్ల మీద ఆయన్ను కూర్చోబెట్టీ పెట్టకముందే నన్ను నిలదీసింది.

"సార్, ఈ సెయ్యి వస్తాదా రాదా? ఉన్నది ఉన్నట్టు సెప్పు."

"వస్తుందమ్మా. పని చేయిస్తే వస్తుంది."

"పనికేం సార్, మా ఆయప్ప పనిదొంగ కాదు."

"పని చేయిస్తే వస్తుంది" అనేది మా వృత్తిలో అందరం చదివే మంత్రం. నిజానికి చెయ్యి ఎంత తిరిగి వస్తుందనేది మెదడులో దెబ్బ తగిలిన చోటు ముందే తేల్చి పెడుతుంది. ఎంత కష్టపడినా ఆ గీత దాటదు. ఆ గీత ఎక్కడుందో మాకూ తెలియదు కాబట్టి, అసలు లేనట్టే మాట్లాడతాం. మీరూ రేపు అలాగే మాట్లాడతారు.

మా దగ్గర ఉన్న సరంజామా ఏమిటి? మెత్తటి మట్టి పిసకడం, గోళీలు ఏరడం, బట్టల క్లిప్పులు పెట్టడం, తీయడం. కొద్ది రోజులు చేశాడు. ఒకరోజు గోళీల గిన్నె ఎడమచేత్తో తోసేశాడు.

"దుప్పట్లు నేసేటోణ్ని సార్. పిల్లోల ఆటలాడిస్తాండారే నన్ను!"

ఆయన కంట్లో నీళ్లు చూసి నేను బయటికి వెళ్లిపోయాను. మరునాడు జూనియరమ్మాయి తన మిషను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"ఇది ఆసుపత్రా, వీడియో గేముల కొట్టా?"

"సార్, ఒక్క మాట వినండి. ఫోన్ ఆటలు ఇచ్చి చూసినాను. అవి ఉరుకుతానే ఉంటాయి, ఈయన బొటనవేలు కదిలేలోపు ఆట అయిపోతాది. ఇది అట్ల కాదు. మనం ఏం చేయాలో చెప్పేదాకా శత్రువు కూడా నిలబడే ఉంటాడు సార్. ఎంతసేపైనా."

లాక్కోబోయిన మిషను ఆయన చేతుల్లోనే వదిలేశాను. మా పేషంట్ల కోసం అంతసేపు ఆగేవాళ్లు ఇళ్లల్లో కూడా తక్కువ.

ఆట వివరమంతా చెప్పి మిమ్మల్ని విసిగించను. ముగ్గురు మనుషులు ఊరూరూ తిరుగుతుంటారు. దారిలో మృగాలు ఎదురవుతాయి. ఒక వంతు మనది, ఒక వంతు వాటిది. కొట్టాలా, మంత్రం వేయాలా, కాచుకోవాలా, పారిపోవాలా అని నాలుగు మాటలు తెర మీద వస్తాయి, ఒకటి ఎంచి బొటనవేలితో నొక్కాలి. గెలిస్తే అనుభవం పాయింట్లు వస్తాయి. అవి కూడగా కూడగా మనిషి ఒక మెట్టు ఎక్కుతాడు, బలం పెరుగుతుంది. ఇంగ్లీషు ఆయనకు రాదు. ఏ మాట ఎన్నో వరసలో ఉంటుందో గుర్తుపెట్టుకున్నాడు. అంకెలు ఎలాగూ వచ్చు.

ఆ ముగ్గురికీ పేర్లు మనమే పెట్టుకోవచ్చు. కత్తి పట్టినవాడికి తన పేరు పెట్టించాడు. గాయాలు మాన్పే మంత్రాలు తెలిసిన ఆడమనిషికి భార్య పేరు. ఆ ఆటలో పేరుకు జాగా తక్కువ, చివరి అక్షరం పట్టలేదు, అలాగే ఉంచేశారు. ఒక పహిల్వాన్ ఉన్నాడు, ఒళ్లు పెంచాడు గానీ సగం దెబ్బలు గాలికి వేస్తాడు. వాడికి నా పేరు పెట్టించాడు. జూనియరమ్మాయి మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. నాకు కోపం రాలేదని చెప్పలేను.

ఆ ఆటలో ఒక పద్ధతి ఉంది. గెలిచినప్పుడు వచ్చిన పాయింట్లు అందరికీ సమానంగా పంచుతారు. కానీ అప్పటికి నిలబడి ఉన్నవాళ్లకే. దెబ్బలు తిని పడిపోయినవాడికి భాగం లేదు. ఇది తెలిసిన రోజు ఆయన మిషను ఒళ్లో పెట్టేసుకున్నాడు.

"ఇదేం న్యాయం సార్? పడిపోయినోనికే గదా కావాల్సింది!"

మంచం మీద పడి, నెలల తరబడి ఇంట్లో ఒకరి చేతి ముద్ద తిన్న మనిషి ఆ మాట అన్నాడు. "ఆట తయారు చేసినోడు ఎప్పుడూ పడిపోయి ఉండడులే" అన్నాను.

అప్పట్నుంచి ఆయనకు ఒకటే పట్టుదల. తన పేరున్నవాడు పడినా సరే, నేను పడినా సరే (నేను ఎక్కువే పడేవాణ్ని), భార్య పేరున్న మనిషి మాత్రం పడకూడదు. ఆమెను వెనక వరసలో నిలబెట్టాడు. వెనక ఉన్నవాళ్లకు దెబ్బ సగమే తగులుతుంది. మంచి అంగీ దొరికితే ఆమెకే, తాయెత్తు దొరికితే ఆమెకే. పక్క బెంచీ మీద కూర్చుని చూసే ఇంటావిడ ఊరుకుంటుందా?

"నన్ను యెనక నిలబెట్టి నువ్వు ముందర తన్నులు తింటాండావా? ఇంట్ల మాత్రం అప్పులోళ్లొస్తే నన్నే గదా ముందరికి తోసేది!"

"నోరు మూసుకోయే. ఈడ మృగాలతో కొట్లాట."

"అప్పులోళ్లు మృగాలు కాదేమో!"

ఆ గదిలో అంత నవ్వు అంతకుముందు నేను వినలేదు. ఆ నవ్వుల మధ్యే, ఒకరోజు, ఎవరూ చెప్పకుండానే ఆయన బొటనవేలు పూర్తిగా వంగింది.

కథలో కొంత దూరం పోయాక ఒక పెద్ద నది, దాని మీద వంతెన. వంతెన మీద ఒక రాక్షసుడు కాపలా. దానికి ముందు ఒక చిన్న పల్లె. ఆ పల్లె చేరిన రోజున జూనియరమ్మాయి ఉత్సాహం పట్టలేక నోరు జారింది.

"వంతెన దగ్గర చూడండి అంకుల్, ఆమె చచ్చిపోతాది. మా అన్న అయితే ఏడ్చేసినాడు."

ఆయన బొటనవేలు ఆగిపోయింది. "ఎవరు?"

అప్పుడు గానీ ఆ పిల్లకు తను ఏమన్నదో తెలియలేదు. "ఆట అంకుల్... కథ అట్ల ఉంటాది."

"రాక్షసుడు సంపుతాడా? అయితే ఇంకా గట్టిగా సేద్దాం ఆమెను."

"గట్టితనంతో పని లేదంకుల్. మనం గెలిచినా చచ్చిపోతాది. కథలోనే అట్ల రాసి పెట్టినారు."

"రాసినోడు మనం ఇంత గట్టిగా సేస్తామనుకొని రాసింటాడా పాపా?"

అంతే, ఆయన వంతెన దాటలేదు. వచ్చిన ప్రతిసారీ ఆ పల్లె చుట్టూనే తిరిగేవాడు. అక్కడ దొరికే మృగాలు చిన్నవి, వాటివల్ల వచ్చే పాయింట్లు కాసిన్ని, మెట్టు ఎక్కే కొద్దీ పై మెట్టుకు కావలసినవి బోలెడు. జూనియరమ్మాయి విసుక్కుంది. ఆయన విసుక్కోలేదు. పోగు పక్కన పోగు వేస్తూ దుప్పటి తీసే మనిషికి అది విసుగెందుకు అవుతుంది? ఒక్కోసారి పాయింట్లన్నీ ఆమెకే రావాలని ఆటలో తనూ నేనూ పడిపోయేదాకా దెబ్బలు తిననిచ్చి, చివరి దెబ్బ ఆమె చేత కొట్టించేవాడు. మధ్య మధ్యలో ఆ పల్లెలోని సత్రంలో పడుకోబెట్టేవాడు. ఆ ఆటలో ఒక్క నిద్ర తీస్తే ఎంత పెద్ద గాయమైనా మాయం. "ఇది మాత్రం బాగుంది సార్" అనేవాడు.

నాకు లోపల సంతోషమే. ఆయన ఎంతకాలం దాటకపోతే వేళ్లకు అంత పని. వేళ్ల తర్వాత మణికట్టు వచ్చింది, మణికట్టు తర్వాత మోచెయ్యి. ఒక ఉదయం నేను గోడ కప్పీకి తాడు వేసి, చివర మగ్గం పిడిలాంటి కొయ్యముక్క కట్టి, ఆయన చేతికిచ్చాను. చూసి, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగు లాగాడు. కప్పీ గర్రుమంది. ఇంకోసారి లాగాడు. తర్వాత ఆపలేదు. ఎడమకాలు, కింద మగ్గం తొక్కుడు చెక్క లేకపోయినా, తొక్కుతూనే ఉంది.

ఇంటావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, మొదట అన్న మాట ఇది:

"సార్, శ్రావణమాసం వస్తాంది. మా ఆయప్ప సెయ్యి లేస్తే ఎమ్మిగనూరు కాన్నించి ఉరుకుంద గుడిదాకా కాలినడకన వస్తానని ఈరన్నసామికి మొక్కుకున్యా. పోయొస్తా."

ఆమెకు షుగరుంది. మాత్ర గుర్తుంటే వేసుకుంటుంది, ఆయన వ్యాయామం మాత్రం ఒక్కరోజు తప్పనివ్వదు. నేను అన్నాను, "పోమ్మా, వద్దనను. చెప్పులేసుకుని పో."

"సెప్పులేసుకొని పోతే అది నడక సార్, మొక్కెట్లయితాది?"

"నీకు షుగరుందమ్మా. కాళ్లు జాగ్రత్త."

"కాళ్లకేం సార్! కొన్నాళ్లాయె, ముల్లు గుచ్చినా నొప్పి తెల్దు. అంతా ఆ ఈరన్న దయ."

ఆ గదిలో అన్నేళ్లు పనిచేసినవాణ్ని, ఆ మాట వినగానే ఆమె పాదాల వైపు చూశాను. ముల్లు గుచ్చినా తెలియలేదంటే కాళ్లలో నరాలు చచ్చుబడుతున్నాయని అర్థం. ఆమెకు అది దేవుడిచ్చిన వరంలా కనబడింది. కూర్చోబెట్టి చెప్పాను. జూనియరమ్మాయి చెప్పింది. నేతగాడు కూడా, "బస్సులో పోదామే, సామి ఏమనుకోడు" అన్నాడు. ఆమె అందరి మాటా విని, అందరికీ సరే అంది. ఆడవాళ్లు అలా అన్నిటికీ సరే అన్నారంటే ఒక్కటీ వినరని నాకు పెళ్లయిన కొత్తల్లోనే తెలుసు.

ఆ ఏడు శ్రావణంలో మా వైపు వాన చుక్క లేదు. తారు రోడ్డు కాలిపోతోంది. నేను ఆదోని బస్టాండు పక్కగా పోతుంటే ఉరుకుంద బస్సులు జనంతో కిటకిటలాడుతూ కనబడేవి. ఈ బస్సుల్లో దేన్నైనా ఆమె ఎక్కి ఉండాలి అనుకునేవాణ్ని.

తర్వాత వాళ్లు రాలేదు. మగ్గం ఎక్కాడు కాబోలు, ఇక మనతో పనేముంది అని సంబరపడ్డాం కూడా. మా వృత్తిలో పేషంటు రావడం మానేశాడంటే అదే మాకు సర్టిఫికెట్. జూనియరమ్మాయి మాత్రం ఆ మిషనులో ఆయన ఆట ఎక్కడ ఆగిందో అక్కడే ఉంచింది. తను ఆడుకోవడానికి వేరే చోటు నుంచి మొదలుపెట్టుకుంది.

దసరా ముందు ఒక పొద్దున ఆయన ఒంటరిగా వచ్చాడు. గడ్డం మాసి ఉంది. గుమ్మం దగ్గర కుడిచేత్తోనే తలుపు తోశాడు. అది చూసి, "భేష్!" అన్నాను నేను. వెనక ఆమె కోసం చూశాను.

"మా ఇంటామె పోయింది సార్."

జూనియరమ్మాయి చేతిలో ఉన్నది కింద పెట్టేసింది. ఆయన బల్ల మీద కూర్చుని, తల ఎత్తకుండా చెప్పాడు.

"నడిసింది సార్. అంత దూరం నడిసి, ఒక్క నొప్పి లేకుండా దర్శనం సేసుకొనొచ్చినా సూడు అని మురిసిపాయె. పాదం కింద తోలంతా లేసిపోయుండాది, తెల్దు ఆమెకు. నేను మగ్గమెక్కినా గదా, నాకు నూలు కండెలు సుట్టియ్యాలని పసుపు పెట్టి గుడ్డ కట్టుకొని రాట్నం కాడ కూసునింది. నాకు సూపీలేదు సార్. మగ్గం ఆపుతానని సూపీలేదు. జరమొచ్చినంక కర్నూలుకు ఎత్తుకపోతిమి. కాలు తీసేయాలన్నారు. తీసేలోపలే..."

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. కుడిభుజం. నేను నెలల తరబడి లేపిన భుజం. ఆ చెయ్యి లేవకపోతే ఆ మొక్కు చెల్లించే పనే ఉండేది కాదన్న లెక్క అప్పుడే నా బుర్రలోకి వచ్చింది, ఇప్పటికీ పోలేదు. తప్పు నాదని కాదు. ఎవరిదీ కాదు. తప్పెవరిదో తేలితే మనిషికి కాస్త నిద్రన్నా పట్టేది.

కాసేపటికి ఆయన అడిగాడు, "పాపా, ఆ ఆట ఉందా?"

"వద్దంకుల్."

"ఇయ్యి పాపా."

ఇచ్చింది. ఆయన పల్లె నుంచి బయటపడి, సత్రం దాటి, నేరుగా వంతెన మీదికి నడిచాడు. మేమిద్దరం చెరోపక్క నిలబడ్డాం. రాక్షసుడు తెర నిండా లేచాడు, లేచి, అలవాటు ప్రకారం నిలబడి ఆగాడు. ఆయన ఆమెను వెనక వరస నుంచి ముందుకు తెచ్చాడు. ఇన్నాళ్లూ దాచిన బలమంతా ఆ ఒక్కచోట బయటపడింది. ఆమె మంత్రం వేసిన ప్రతిసారీ తెర మీద పట్టనంత అంకె లేచేది. రాక్షసుడి వంతు రెండు మూడు సార్లు కూడా వచ్చిందో లేదో, కూలిపోయాడు. ఆమె ఒంటి మీద గీత పడలేదు. జూనియరమ్మాయి ఎన్నిసార్లు ఆడినా ఇంత సునాయాసంగా గెలవడం చూడలేదట.

ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగింది. నాకూ ఆశ పుట్టింది. పిచ్చి కాకపోతే, చదువుకున్నవాణ్ని, నాకూ పుట్టింది.

తర్వాత బొమ్మలు వాటంతటవే కదిలాయి. కూలిన రాక్షసుడు చివరిసారి చెయ్యి విసిరాడు. ఆమె అడ్డం వచ్చింది. పడిపోయింది. ఎన్ని మెట్లెక్కిందో ఎవరూ అడగలేదు. ఏవో మాటలు వచ్చాయి, ఆయన చదవలేడు, మేము చదివి చెప్పలేదు. ఆమె వేసుకున్న అంగీ, తాయెత్తు, చేతికర్ర ఒక్కొక్కటే సంచిలోకి తిరిగి వచ్చేశాయి.

"గెల్సినాం గదా పాపా," అన్నాడు. "గెల్సినా పాయె."

ఆ అమ్మాయి ఏడుస్తూ బయటికి వెళ్లిపోయింది. తర్వాత కూడా చాలా ఏళ్లు నాతోనే పనిచేసింది గానీ, ఏ పేషంటుతోనూ "పని చేయిస్తే వస్తుంది" అనడం నేను వినలేదు. "చేద్దాం, ఎంత వస్తే అంత" అనేది. నేనూ రిటైరయ్యేదాకా ఆ మాటే వాడుకున్నాను. కావాలంటే మీరూ వాడుకోండి.

ఆయన మాత్రం మిషను కింద పెట్టలేదు. వంతెన దిగి అవతలి గట్టు మీద నడిచాడు. ఇక తెర మీద ఇద్దరమే ఉన్నాం, ఆయన పేరున్న కత్తివాడూ, నా పేరున్న పహిల్వానూ. ఆమె నిలబడే చోటు ఖాళీగా ఉంది. పొదలోంచి ఏదో చిన్న మృగం వచ్చింది. ఆయన కొట్టాడు, నేను గాలికి కొట్టాను, ఆయన మళ్లీ కొట్టాడు. అది చచ్చింది. పాయింట్లు పంచిన అంకెలు పడ్డాయి. ఆయన వాటిని చూస్తూ ఉండిపోయాడు.

"సార్," అన్నాడు చివరికి, "ఎక్కువొస్తాండాయి."

"ఏమిటి?"

"పాయింట్లు. ముగ్గురికి పంచేది ఇద్దరికే పంచుతాండాడు. ఆమె బాగం గూడా మనిద్దరికే వస్తాంది సార్."

కన్నీళ్లు తెర మీద పడుతున్నాయి. తుడుచుకోవడానికి మిషను ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి ఎక్కడా తొట్రుపడకుండా కంటిదాకా వెళ్లింది. వేళ్లు ఐదూ చక్కగా ముడుచుకున్నాయి. నేను అదే చూస్తూ నిలబడ్డాను.